నాట్లు ‘తేలిక పని’ ఎలా అయ్యాయి?

ప్రశ్న: నాట్లు వేసే ఆడవాళ్ల శారీరక శ్రమ మీద పీజీ ప్రాజెక్టు చేస్తున్నాం. నడుముకి బెల్టుతో మోషన్ సెన్సర్ కట్టి చూస్తే, పొద్దంతా నాటినా ‘తేలిక పని’ అనే వస్తోంది. సెన్సర్ చెడిపోయిందా? ఎన్ని రోజులు కట్టించాలి?
– ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: సెన్సర్ బాగానే ఉంది. అది కొలిచేది త్వరణాన్ని, శ్రమను కాదు. నిమిషానికి 1,952 కౌంట్లు (కుదుపులను కూడి సెన్సర్ ఇచ్చే అంకె) దాటితే మధ్యస్థాయి శ్రమ అన్న హద్దు 1998లో ఫ్రీడ్‌సన్ బృందం ఇచ్చింది. ట్రెడ్‌మిల్ మీద నడిచినవాళ్లని, పరుగెత్తినవాళ్లని చూసి కట్టిన లెక్క అది. నడుం వంచి బురదలో మెల్లగా వెనక్కి జరిగే మనిషి నడుములో అంత కుదుపు ఎక్కడుంటుంది? నెత్తిన నారు మోపు ఉన్నా అంతే, బరువు దానికి కనబడదు.

మణికట్టుకి మార్చండి. వీలైతే తొడకి ఇంకొకటి కట్టండి. తొడ వాలును బట్టి కూర్చున్నారో నిలబడ్డారో తెలుస్తుంది. కాకపోతే గొంతుక్కూర్చుని అంట్లు తోమినా అది కూర్చున్నట్టే రాసుకుంటుంది. అందుకే ఏ పని ఎప్పటినుంచి ఎప్పటిదాకా చేశారో రోజూ సాయంత్రం అడిగి రాసుకోక తప్పదు.

సెకనుకు 100 రీడింగులు, ±8 జి పరిధి పెట్టండి (1 జి అంటే భూమ్యాకర్షణ వల్ల కలిగే త్వరణం). బ్రిటన్‌లోని భారీ ఆరోగ్య అధ్యయనం యూకే బయోబ్యాంక్ 2013–15లో దాదాపు లక్షమంది మణికట్టుకి ఏడు రోజులపాటు పెట్టించింది ఈ సెట్టింగులతోనే. కట్టేముందు ఒక్కో సెన్సర్‌నీ బల్లమీద ఆరు వైపులా తిప్పి, ఒక్కో వైపు నిమిషం కదలకుండా ఉంచండి. నిలువు అక్షం మీద 1 జి, మిగతా రెంటిమీద సున్నా దగ్గరగా రావాలి. చాదస్తం అనుకోకండి. ఇలాంటి సెన్సర్ల డేటాను విశ్లేషించే జీజీఐఆర్ (GGIR) సాఫ్ట్‌వేర్ మొత్తం త్వరణంలోంచి 1 జి తీసేసి, మిగిలిందే కదలిక అంటుంది. మణికట్టు దగ్గర మధ్యస్థాయి హద్దు సుమారు 0.1 జి. సెన్సర్ 0.02 జి తప్పు చూపినా హద్దులో ఐదోవంతు తేడా వచ్చేసినట్టే. దీన్ని జీజీఐఆర్ తనే సరిదిద్దుతుంది గానీ, రకరకాల భంగిమల్లో చెయ్యి కదలని క్షణాలు డేటాలో దొరకాలి.

ఆ 0.1 కూడా ప్రయోగశాలలో పుట్టిందే. కాబట్టి ఫలితాల్లో ‘మధ్యస్థాయి నిమిషాల’ కన్నా సగటు త్వరణాన్ని ముందు పెట్టడం మేలు.

గాజులతో జాగ్రత్త. సెన్సర్‌కి గాజు తగిలిన ప్రతిసారీ గ్రాఫులో ఒక ముల్లు లేస్తుంది. గాజులకు పైన, మోచేతి వైపు, జారనంత బిగుతుగా కట్టండి. అందరికీ ఒకే వైపు చేతికి.

ఏడు రోజులు కట్టించండి. మెలకువగా ఉన్నప్పుడు కనీసం 10 గంటలు ధరించిన రోజునే లెక్కలోకి తీసుకోండి. అలాంటివి నాలుగైనా ఉండాలి, అందులో ఒకటి పనికి పోని రోజు.

ప్రశ్న: ఫోన్ 4,000 అడుగులంటే వాచీ 7,000 అంటోంది. ఏది నమ్మాలి? పదివేలు నడవాల్సిందేనా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ఫోన్ మీ జేబులో ఉన్నంతసేపే లెక్కపెడుతుంది. వాచీ చేతి ఊపుని చూస్తుంది, ట్రాలీ తోస్తూ నడిస్తే తక్కువ చూపుతుంది, పప్పు ఎనిపితే కొన్ని అడుగులు కలిపేస్తుంది. నోటితో 100 అడుగులు లెక్కపెడుతూ నడిచి పోల్చుకోండి. పదివేలన్నది 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక పెడోమీటర్ పేరులోంచి పాకింది. 15 అధ్యయనాలను కలిపి 2022లో చేసిన విశ్లేషణలో, మరణ ముప్పు తగ్గడం అరవై దాటినవాళ్లకు 6,000–8,000 దగ్గర, అంతకన్నా చిన్నవాళ్లకు 8,000–10,000 దగ్గర ఆగింది.