నలభై మూడేళ్లకు పెయిర్స్ స్కేటింగ్... మా ఆయన మాట్లాడటం మానేశారు

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. మాది గుంటూరు. పదమూడేళ్లుగా మినియాపొలిస్ దగ్గర ఉంటున్నాం. పాపను ఐస్ స్కేటింగ్ క్లాసులకు తీసుకెళ్లి, గంటసేపు అద్దాల ఇవతల ఫోన్ చూసుకుంటూ కూర్చోవడం దేనికని నాలుగేళ్ల కిందట నేనూ చేరాను. పాప మానేసింది, నేను మానలేదు. ఇప్పుడు వాల్ట్జ్ జంప్ (గాల్లో అరచుట్టు తిరిగే తేలికైన జంప్), ఒక చిన్న స్పిన్ వస్తాయి. ఆరు నెలల కిందట నాతోపాటు నేర్చుకుంటున్న ఒకాయన, అమెరికన్, 54 ఏళ్లు, వడ్రంగి పని చేస్తారు, కోచ్ ముందే "పెయిర్స్ ప్రయత్నిద్దామా?" అని అడిగారు, అంటే ఇద్దరూ జోడీగా స్కేటింగ్ చేయడం. వారానికొకసారి మొదలుపెట్టాం. మా ఆయనకు మాత్రం గ్రూప్ క్లాస్ అని చెప్పాను. పోయిన నెల క్లబ్బు వాళ్లు పెట్టిన వీడియో ఎలాగో మా ఆడపడుచు దాకా వెళ్లింది. అందులో నా పార్ట్‌నర్ చెయ్యి నా నడుము మీద ఉంది. ఆమె వాళ్లన్నయ్యకి ఫోన్ చేసింది. ఆ రాత్రి మా ఆయన ఒక్కటే మాటన్నారు: "పడితే ఎవరు చూస్తారు?" అప్పటినుంచి మా మధ్య అవసరమైన మాటలే. నా మీద అనుమానపడుతున్నారనిపిస్తోంది. నాది తప్పా? ఈ వయసులో ఇది పిచ్చా? మానేయమంటారా?
— ఒక సోదరి, మినెసోటా

జవాబు: అమ్మా, చేదు మాట ముందే చెప్పేస్తాను. స్కేటింగ్ చేయడంలో తప్పేమీ లేదు. "గ్రూప్ క్లాస్" అన్నారు చూడండి, తప్పు అక్కడ జరిగింది. ఆరు నెలలు, వారానికోసారి అంటే దాదాపు పాతిక సార్లు ఆ మాట చెప్పి గుమ్మం దాటారు. నిజం చెబితే గొడవవుతుందని భయపడి ఉంటారు, అర్థమవుతోంది. కానీ ఆయన వైపు నుంచి ఒకసారి ఆలోచించండి. తన ఇంట్లో మనిషి గురించి ఆయనకి గుంటూరు నుంచి చెల్లెలు ఫోన్ చేసి చెప్పాల్సి వచ్చింది. ఆ వీడియోలో ఏమున్నా సరే, ఆయన కంటికి అది దాచిపెట్టిన వీడియో. గుడిలో ప్రదక్షిణ చేస్తున్న వీడియో అయినా, దాచారంటే అలాగే కనిపిస్తుంది.

ఇక ఆయన అన్న మాట. "వాడెవడు" అని అడగలేదు, "సిగ్గు లేదా" అనలేదు. "పడితే ఎవరు చూస్తారు?" అన్నారు. మన ఇళ్లలో చూడటం అంటే మంచాన పడ్డవాళ్లకి అన్నం పెట్టడం, మందులు ఇవ్వడం, బాత్రూం దాకా పట్టుకుని తీసుకెళ్లడం. అమెరికాలో ఆ పనికి అమ్మ రాదు, అక్క రాదు. ఉన్నది ఆయనొక్కరే. అసూయ అసలు లేదని నేననను, ఉండే ఉంటుంది. లేకపోతే నెలరోజుల మౌనం ఉండదు. కానీ నోటి నుంచి వచ్చింది మాత్రం భయం. మీరు ఆ రెంటినీ కలిపి అనుమానం అని మూట కట్టేశారు. మూట విప్పి దేనికది విడిగా జవాబు చెప్పాలి.

ముందు భయం సంగతి. అది ఉత్త భయం కాదు. పెయిర్స్ అంటే ఏమిటో బహుశా ఆయన యూట్యూబ్‌లో వెతికి చూసే ఉంటారు. చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. మగవాడు ఆమెను తల మీదికి ఎత్తి ఐస్ మీద పరుగెత్తుతాడు, గాల్లోకి తిప్పి విసిరి పట్టుకుంటాడు. డెత్ స్పైరల్‌లో అతను ఒకచోట నిలిచి ఆమె చెయ్యి పట్టుకుని చుట్టూ తిప్పుతుంటే ఆమె తల ఐస్‌కి జానెడు దూరంలో తిరుగుతుంది. 2004లో పిట్స్‌బర్గ్‌లో జరిగిన స్కేట్ అమెరికా పోటీలో రష్యా జోడీ టాట్యానా తోత్మియానినా, మాక్సిమ్ మారినిన్ లిఫ్ట్ (అతను ఆమెను పైకెత్తడం) మధ్యలో పడిపోయారు. ఆమె తల నేరుగా ఐస్‌కి తగిలింది, స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు. 2006 టురిన్ ఒలింపిక్స్‌లో ఆ ఇద్దరే బంగారు పతకం గెలిచారు. అయితే ఆ పడటం నుంచి తేరుకోవడం ఆమె కంటే మారినిన్‌కే కష్టమైందని అప్పట్లో వార్తల్లో వచ్చింది. పడినవాళ్లకంటే పక్కన నిలబడి చూసినవాళ్లకే ఎక్కువ కాలం నిద్ర పట్టదు. మీ ఆయన ఆ పక్కన నిలబడ్డ మనిషి. ఇంకా ఏమీ జరగకముందే ఆయనకి నిద్ర పట్టడం లేదు.

మీరు చేసేది మాత్రం అది కాదు, ఆ సంగతి ఆయనకి తెలియదు. తెలిసేలా మీరు చెప్పలేదు. వాల్ట్జ్ జంప్ దగ్గరున్న మనిషికి పెయిర్స్ అంటే ఇద్దరూ చెయ్యి చెయ్యి పట్టుకుని ఒకే అడుగులో స్ట్రోకింగ్ (కాలితో నెట్టుకుంటూ జారడం) చేయడం, మూలల్లో క్రాసోవర్లు (కాలి మీదుగా కాలు వేసి తిరగడం) కలిపి వేయడం, పక్కపక్కన ఒకే క్షణంలో చిన్న జంప్, రెండు కాళ్ల మీద జంట స్పిన్. లిఫ్ట్ అనే మాట ఎత్తడానికి ఇంకా చాలా ఉంది. ఎత్తినా మొదట ఐస్ మీద కాదు, నేల మీద, కింద మ్యాట్లు పరిచి, పెయిర్స్ నేర్పిన అనుభవం ఉన్న కోచ్ పక్కనుండగా. మీ కోచ్‌కి ఆ అనుభవం ఉందా? మీరు రాయలేదు. సింగిల్స్ (ఒంటరి స్కేటింగ్) బాగా నేర్పే చాలామందికి ఒక మనిషి బరువు ఇంకో మనిషి చేతిలోకి ఎలా రావాలో, పట్టు జారినప్పుడు ఎవరు ఎటు ఒరగాలో చెప్పడం రాదు. లేదంటే వెతుక్కోండి, మధ్యలో మొహమాటం పెట్టుకోకండి. మీ ఊళ్లో కోచ్‌లకు కరువు లేదు, చలికాలమంతా సరస్సులే రింకులు (స్కేటింగ్ మైదానాలు) అయ్యే రాష్ట్రం కదా.

ఆ భయానికి జవాబుగా మీరు చేయాల్సిన పనులు ఇంకొన్ని ఉన్నాయి. ఈ వారమే డాక్టర్‌కి చూపించుకోండి. నలభై దాటిన ఆడవాళ్లకి ఎముకల బలం తగ్గడం మొదలవుతుంది, మెనోపాజ్ దగ్గరపడేకొద్దీ ఇంకా త్వరగా. మన రంగుకి, మినెసోటా చలికాలానికి విటమిన్ డి తక్కువగా ఉండే అవకాశం ఎక్కువ. రక్త పరీక్ష చిన్నదే. పడేటప్పుడు చెయ్యి చాపితే విరిగేది మణికట్టు. రిస్ట్ గార్డులు, ప్యాడ్లున్న లోపలి షార్ట్స్, కొత్త మూవ్ నేర్చుకున్నప్పుడల్లా హెల్మెట్. పక్కనున్న పన్నెండేళ్ల పిల్లలు నవ్వుతారా, నవ్వనివ్వండి. పెద్దవాళ్ల క్లాసులో మొట్టమొదట నేర్పేదే ఎలా పడాలి, ఎలా లేవాలి అని కదా. మోకాళ్లు వంచి, పక్కకి ఒరిగి, చేతులు ఒంటికి దగ్గరగా పెట్టుకుని పడటం. జోడీగా ఉన్నప్పుడు దానికి ఇంకొకటి చేరుతుంది. ఇద్దరిలో ఒకరు జారితే రెండోవాళ్లు చెయ్యి ఎప్పుడు వదలాలో ముందే అనుకుని ఉండాలి. వదలకపోతే ఒకరి బ్లేడు ఇంకొకరికి తగులుతుంది. అది మీ ఇద్దరూ అనుకున్నారా? అనుకోకపోతే వచ్చే క్లాసులో మొదటి పని అదే. ఆరోగ్య బీమాలో మీ డిడక్టబుల్ (బీమా వర్తించేముందు మీ జేబులోంచి కట్టాల్సిన మొత్తం) ఎంతో చూసుకుని, ఆ సొమ్ము విడిగా పక్కన పెట్టండి. "పడితే ఎవరు చూస్తారు" అన్న మనిషికి కాగితం మీద లెక్క చూపించడం చాలా ఉపయోగపడుతుంది. ఆయన సాఫ్ట్‌వేరో, అకౌంట్సో అయితే మరీనూ.

వయసు సంగతి అడిగారు. ఈమధ్య ఇలాంటి వాళ్లందరికీ డియానా స్టెల్లాటో డ్యూడెక్ పేరు చెబుతున్నారు. 2024లో మాంట్రియల్‌లో 40 ఏళ్ల వయసులో మాక్సిమ్ డెషాంతో కలిసి పెయిర్స్‌లో ప్రపంచ విజేత అయిన మాట నిజమే. కానీ ఆమె పేరు చెప్పి మీరు వాదించకండి. ఆమె 2000లోనే ప్రపంచ జూనియర్ పోటీల్లో రజతం గెలిచి, గాయాలతో మానేసి, పదహారేళ్ల తర్వాత తిరిగొచ్చిన మనిషి. మీ దారి వేరు. నాకు ఇంకో జంట ఇష్టం. సోవియట్ జోడీ లుద్మిలా బెలూసోవా, ఒలెగ్ ప్రొతొపోపొవ్. స్కేటింగ్‌లో నాలుగేళ్ల వయసుకే బూట్లు కడతారు, వీళ్లు మొదలుపెట్టింది ఆమె పదహారేళ్లకి, ఆయన పదిహేనేళ్లకి. 1964లోనూ 1968లోనూ ఒలింపిక్ బంగారు పతకాలు వాళ్లవే. భార్యాభర్తలు. డెత్ స్పైరల్‌లో కొత్త రకాలు కనిపెట్టి, ఆ చావు పేరు నచ్చక ఒకదానికి లైఫ్ స్పైరల్ అని, ఇంకోదానికి లవ్ స్పైరల్ అని పేర్లు పెట్టుకున్నారు. డెబ్బై దాటాక కూడా ప్రదర్శనలిచ్చారు. వాళ్లు కూడా మీలా కాదు లెండి, కానీ ఆలస్యం అనే మాటకి అర్థం కొంచెం సడలుతుంది.

మీలాంటి వాళ్లు ఉన్న చోటు వేరే ఉంది. అమెరికాలో 21 దాటినవాళ్లకి విడిగా జాతీయ పోటీలు 1995 నుంచి జరుగుతున్నాయి. జర్మనీలోని ఓబెర్స్‌డార్ఫ్‌లో 2005 నుంచి అంతర్జాతీయ పోటీ ఉంది, డెబ్బైలలో ఉన్నవాళ్లు కూడా వస్తారు. రెండు చోట్లా పెయిర్స్ ఉంటుంది. అక్కడికి వెళ్లమని కాదు. పిచ్చి అన్నారు కదా, ఈ పిచ్చి చాలామందికి ఉందని చెబుతున్నాను. నాకైతే ఒకేసారి ఐస్ మీద నిలబడిన అనుభవం, అదీ రెయిలింగ్ వదలకుండా. అందుకే వాల్ట్జ్ జంప్ వస్తుందని మీరు అంత మామూలుగా రాస్తే కాస్త అసూయపడ్డాను.

ఇప్పుడు ఆ నడుము మీద చెయ్యి. వీడియోలో ఆడపడుచుకి కనిపించింది బహుశా కిలియన్ హోల్డ్. ఇద్దరూ ఒకే వైపు చూస్తూ పక్కపక్కన ఉంటారు, మీ పార్ట్‌నర్ కుడిచెయ్యి మీ వెనకనుంచి వచ్చి మీ కుడి నడుము దగ్గర మీ చేతిని పట్టుకుంటుంది. అలా ఎందుకంటే ఇద్దరి తుంట్లూ కలిసి కదలకపోతే మలుపులో బ్లేడ్లు రెండు దారులు పడతాయి. ఆ పట్టు పట్టుకున్నప్పుడు మీ మనసు ఎక్కడుంటుందో మీకు తెలుసు, కాళ్ల మీద ఉంటుంది. ఆ సంగతి మీ ఆయనకి చెప్పడానికి ఉపన్యాసం అక్కర్లేదు. హాల్లో సోఫా పక్కకి జరిపి, సాక్సులతో ఆయన పక్కన నిలబడి, ఆయన చెయ్యి అక్కడ పెట్టించి నాలుగు అడుగులు వేయించండి. రెండో అడుగుకే ఆయన మీ కాలు తొక్కుతారు. ఆయన నవ్వుతారని హామీ ఇవ్వలేను. అర్థం మాత్రం అవుతుంది.

ఇంకో మాట మీతోనే. ఆ స్కేటింగ్ భాగస్వామి దగ్గర ఉన్నప్పుడు మీకు స్కేటింగ్ కాక వేరే సంతోషం ఏమైనా ఉందా అని మిమ్మల్ని మీరు అడుక్కోండి. ఉందని తిట్టను. ఇంట్లో ఎవరూ అడగని "ఇవాళ ఎలా ఉన్నావు" ఆయన అడుగుతుంటే, అది కొరత తీరుస్తుంటే, ఆ కొరత గురించి మీ ఆయనతో మాట్లాడాలి. ఏమీ లేదంటే మంచిదే. అప్పుడు కూడా ప్రాక్టీసు రింకులో, కోచ్ ఉన్న సమయంలో, మెసేజ్‌లు టైమింగ్స్ వరకు. కోచ్‌ని చేర్చి గ్రూపు పెట్టుకుంటే ఇంకా సుఖం.

ఆడపార్ట్‌నర్‌తో చేస్తే గొడవే ఉండదు కదా అని మీకో, ఆయనకో తోచవచ్చు. కెనడా స్కేటింగ్ సమాఖ్య 2022లోనే జోడీ అంటే ఇద్దరు స్కేటర్లు, ఆడా మగా అని లేదు అని నియమం మార్చింది. మీ క్లబ్బులో మీ అడుగుకి సరిపోయే ఒకామె ఉంటే ప్రయత్నించండి, తప్పు లేదు. లేదంటే ఐస్ డ్యాన్స్ ఉంది, విసరడాలు లేవు, తల మీదికి ఎత్తడాలు లేవు, డచ్ వాల్ట్జ్ అనే తేలికైన డ్యాన్స్‌తో మొదలుపెట్టవచ్చు. కానీ ఆడపడుచు నోరు మూయించడానికి మాత్రం పార్ట్‌నర్‌ని మార్చకండి. పెద్దవాళ్ల స్కేటింగ్‌లో మగవాళ్లు దొరకడమే కష్టం, దొరికినవాళ్లలో మీ స్థాయివాళ్లు, ఒద్దికగా ఉండేవాళ్లు ఇంకా తక్కువ.

ఆడపడుచుతో మీరేమీ వాదించకండి. ఆమెకి జవాబు చెప్పాల్సింది వాళ్లన్నయ్య. "నాకు తెలుసులే" అని ఆయన ఒక్క మాటంటే చాలు, ఆ మాట అనడానికి ఆయనకి నిజంగానే తెలిసి ఉండాలి. జోడీగా స్కేటింగ్ మనవాళ్లకి కొత్త కాదు, మాటల్లో ఎప్పుడైనా వస్తే మన హైదరాబాద్ అబ్బాయి అనూప్ కుమార్ యామా సంగతి చెప్పండి. 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రోలర్ స్కేటింగ్‌లో సింగిల్స్‌కి కాంస్యం, అవని పాంచాల్‌తో జోడీగా ఇంకో కాంస్యం తెచ్చాడు. 2015లో అర్జున అవార్డు ఇచ్చారు.

ఇక మీ ఆయనతో మాట్లాడటం. "నువ్వు అనుమానిస్తున్నావు" అని మొదలుపెడితే అక్కడే ఆగిపోతుంది. "నేను గ్రూప్ క్లాస్ అని చెప్పాను, అది అబద్ధం. భయపడి చెప్పాను" అని మొదలుపెట్టండి. సంజాయిషీ జోడించకండి. ఆయన కోప్పడతారు, పడనివ్వండి, నెల రోజుల మౌనం కంటే అది నయం. తర్వాత డాక్టర్ దగ్గరికి వెళ్తున్నానని, కోచ్ ఎవరో, లిఫ్టులు లేవని చెప్పండి. ఆయన కొన్ని షరతులు పెడితే వినండి. హెల్మెట్ లేకుండా వద్దు, ఏడాదిదాకా ఎత్తడాలు వద్దు లాంటివి న్యాయమైనవే. ఇవన్నీ విన్నాక, చూశాక కూడా "మగవాళ్లతో అసలు వద్దు" అని, ఫోన్ తనిఖీ చేయడం, బయటికి వెళ్లడం ఆపడం దాకా వస్తే, అది స్కేటింగ్ గొడవ కాదు. అప్పుడు మళ్లీ రాయండి, వేరే మాట మాట్లాడుకుందాం. మానేయమని మాత్రం నేను చెప్పను.

వచ్చే క్లాసుకి ఆయన్ని పిలవండి. ఒప్పుకోకపోతే ఆ తర్వాతి వారం మళ్లీ పిలవండి. వస్తే అద్దాల ఇవతల కాదు, బోర్డుల (రింకు చుట్టూ ఉండే పొట్టి గోడ) పక్కన కూర్చోబెట్టండి. ఆ వడ్రంగి గారిని పేరు చెప్పి పరిచయం చేయండి, ఇద్దరు మగవాళ్లూ ఓ ఐదు నిమిషాలు వాతావరణం గురించి మాట్లాడుకుంటారు. ఆ రోజు మీరు ఒకసారైనా పడతారు, పడకుండా ఉండటానికి ప్రత్యేకంగా ప్రయత్నించకండి. పడి, నేర్చుకున్నట్టే లేవడం ఆయన చూడాలి. స్టాండ్స్‌లో చలి ఎక్కువ, ఆయనకి మందంగా ఉన్న జాకెట్, ఫ్లాస్కులో అల్లం టీ మర్చిపోకుండా పెట్టండి.