టెక్ సందేహాలు: నది ఒడ్డున పక్షులు, ఫోన్‌లో మెక్సికో సిగ్నల్

ప్రశ్న: మేము హ్యూస్టన్‌లో ఉంటున్నాము. ఏప్రిల్ నెలాఖరులో హైదరాబాద్ నుంచి వచ్చే స్నేహితులతో కలిసి రెండు రోజులు టెక్సాస్ దక్షిణ కొసన ఉన్న రియో గ్రాండే లోయలో పక్షులను చూడాలనుకుంటున్నాము. వాళ్ల ఇండియా సిమ్‌లు అక్కడ పనిచేస్తాయా? పక్షులను గుర్తించడానికి మెర్లిన్ యాప్ ఒక్కటే చాలా? 100ఎక్స్ జూమ్ ఉన్న ఫోన్ ఉండగా బైనాక్యులర్స్ అవసరమా?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందుగా సిమ్ సంగతి చూద్దాం. ఆ లోయలో ఎక్కువ మంది వెళ్లే శాంటా ఆనా వన్యప్రాణి ఆశ్రయం సరిగ్గా నది ఒడ్డున ఉంది, ఆవలి ఒడ్డు మెక్సికో. నదికి దగ్గరయ్యే కొద్దీ ఫోన్ అమెరికా టవర్‌ను వదిలి మెక్సికో టవర్‌ను పట్టుకునే అవకాశం ఉంటుంది. మీ అమెరికా సిమ్‌లో డేటా రోమింగ్‌ను ఆపేస్తే ఇబ్బంది ఉండదు. మీ స్నేహితులకు మాత్రం ఈ ఉపాయం పనికిరాదు. ఇండియా సిమ్‌కు అమెరికాలో ఉండడమే రోమింగ్ కాబట్టి, దానిని ఆపితే ఇంటర్నెట్ పూర్తిగా పోతుంది. వాళ్లు సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ ఎంపికను ఆటోమేటిక్ నుంచి మాన్యువల్‌కు మార్చి, అమెరికా ఆపరేటర్‌ను తామే ఎంచుకోవాలి. నది పక్క దారుల్లో నడిచేటప్పుడు ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టడం ఇంకా మేలు: జీపీఎస్, మైక్రోఫోన్ పనిచేస్తూనే ఉంటాయి, బ్యాటరీ కూడా మిగులుతుంది.

కార్నెల్ పక్షి పరిశోధనాలయం ఉచితంగా ఇచ్చే మెర్లిన్‌కు నెట్‌వర్క్ అక్కరలేదు, కానీ ఆ ప్రాంతపు పక్షుల సమాచారం ఉండే బర్డ్ ప్యాక్‌ను ఇంట్లో వైఫై ఉన్నప్పుడే దించుకోవాలి. 2021లో చేర్చిన సౌండ్ ఐడీ, కూతను స్పెక్ట్రోగ్రామ్ అనే చిత్రంగా మార్చి, ఆ చిత్రంలోని ఆకారాలను బట్టి పక్షిని గుర్తిస్తుంది. ఆ పని అంతా ఫోన్‌లోనే జరుగుతుంది. మీరున్న చోటును, తేదీని కూడా అది లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి లొకేషన్ అనుమతి తప్పక ఇవ్వండి. గ్రీన్ జే, చాచలాక వంటి పక్షులు అమెరికాలో దక్షిణ టెక్సాస్‌కే ప్రత్యేకమైనవి. హ్యూస్టన్‌లో ఉన్నట్టు యాప్ అనుకుంటే వాటిని పట్టించుకోకపోవచ్చు.

అయితే తెరమీద పేరు వచ్చినంత మాత్రాన పక్షిని చూసినట్టు రాసుకోకండి. టెక్సాస్ రాష్ట్ర పక్షి అయిన మాకింగ్‌బర్డ్ ఇతర పక్షుల కూతలను వరుసగా అనుకరిస్తుంది. ఒకే కొమ్మ మీద నుంచి నాలుగైదు పేర్లు వస్తుంటే అనుమానించాల్సింది దానినే. కూత వినబడిన ప్రతిసారీ జాబితాలో ఆ పేరు వెలుగుతుంది, అది చూసి కంటితో వెతకండి. నమూనా కూతలను పోల్చుకోవాలంటే ఇయర్‌ఫోన్స్‌లోనే వినండి. గూడు కట్టే కాలంలో స్పీకర్‌లో కూత మోగిస్తే, పోటీ పక్షి వచ్చిందనుకుని అవి అనవసరంగా కంగారుపడతాయి.

బైనాక్యులర్స్ తప్పకుండా కావాలి. 100ఎక్స్ అన్న అంకెలో చాలా భాగం చిత్రాన్ని కత్తిరించి సాగదీయడమే. పైగా అంత జూమ్‌లో ఆకుల మధ్య గెంతే పిట్టను తెరమీదికి తెచ్చుకునేలోపే అది ఎగిరిపోతుంది. 8x42 రకం తీసుకోండి: 8 అంటే ఎన్ని రెట్లు పెద్దగా చూపుతుందో, 42 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. 42ను 8తో భాగిస్తే 5.25 మిల్లీమీటర్లు, అంటే కంటికి చేరే కాంతి వలయం వెడల్పు. జేబులో పట్టే 10x25లో అది 2.5 మాత్రమే. ఎస్టెరో యానో గ్రాండే పార్కులో ఎండుటాకుల్లో కలిసిపోయి పడుకునే పౌరాకీ అనే పక్షిని నీడలో వెతికేటప్పుడు ఈ తేడా తెలుస్తుంది. ఏసీ కారులోంచి తీయగానే అక్కడి తేమ గాలికి అద్దాలు మసకబారుతాయి కనుక, వాటిని కాసేపు మూసిన సంచిలోనే ఉంచి బయటి వేడికి అలవాటు పడనివ్వండి.

పక్షులతో సంబంధం లేకపోయినా ఒక మాట. తిరుగు ప్రయాణంలో హైవే మీద సరిహద్దు గస్తీ తనిఖీ కేంద్రం ఉంటుంది. స్నేహితులు అసలు పాస్‌పోర్టులు వెంట ఉంచుకోవాలి. అమెరికాలోకి వచ్చినట్టు తెలిపే ఐ-94 పత్రాన్ని ముద్రించి తీసుకెళ్తే మంచిది, ఫోన్‌లోనూ ఒక ప్రతి దాచుకోవాలి.

వాళ్ల కెమెరాలో గడియారం ఇండియా సమయంలోనే ఉంటే, ఆ నెలలో పదిన్నర గంటల తేడా వల్ల అందరి ఫొటోలు కలిపినప్పుడు వరుస తప్పుతుంది; మొదటి రోజు ఉదయమే సరిచేయించండి. జాబితాను నలుగురూ విడివిడిగా రాయనక్కరలేదు. ఒకరు, చూసిన పక్షుల జాబితాలు రాసుకునే ఈబర్డ్ యాప్‌లో నమోదు చేసి మిగతావారికి షేర్ చేస్తే, ఎవరి ప్రతిలో వారు తాము చూడని పక్షులను తీసేసుకోవచ్చు.