బ్రెజిల్‌లోని సెసీ ప్రభుత్వ సంస్థా, ప్రైవేటు సంస్థా?

సెసీ (SESI) లాభాపేక్ష లేని ప్రైవేటు సంస్థ. ప్రభుత్వ శాఖ కాదు. 1946లో అధ్యక్షుడు దుత్రా హయాంలో వచ్చిన డిక్రీ (చట్టంతో సమానమైన ప్రభుత్వ ఆదేశం) దీనికి పునాది. నడిపే బాధ్యతను మాత్రం ఆ డిక్రీయే పరిశ్రమల యజమానుల జాతీయ సమాఖ్యకు అప్పగించింది. ఫ్యాక్టరీ కార్మికులకు, వాళ్ల కుటుంబాలకు చదువు, వైద్యం, ఆటలు, వినోదం అందించడం దీని పని. సావో పౌలోలో పౌలిస్టా అవెన్యూ మీద దీనికి ఏకంగా ఒక నాటకశాలే ఉంది.

అసలు తికమకంతా డబ్బు దగ్గర. పరిశ్రమలు తాము ఇచ్చే జీతాల మొత్తం మీద 1.5 శాతం తప్పనిసరిగా సెసీకి కట్టాలి. ఉదాహరణకు, ఒక ఫ్యాక్టరీ నెల జీతాలు బ్రెజిల్ కరెన్సీలో 1,00,000 రియాల్‌లు అనుకుంటే, యజమాని దానిపైన ఇంకో 1,500 కడతాడు. కార్మికుడి పే స్లిప్‌లో దీనికి కోత ఉండదు.

ఈ సొమ్ము పన్నులాగే వసూలవుతుంది, ప్రభుత్వ ఆడిట్ కూడా ఉంటుంది. అందుకే చాలామంది దీన్ని సర్కారు ఆఫీసు అనుకుంటారు. కానీ ఇందులో పనిచేసేవాళ్లు ప్రభుత్వోద్యోగులు కారు.

పేరు దగ్గరగా ఉందని మన ఈఎస్ఐ (ESI)తో కూడా కలిపేస్తుంటారు. ఈఎస్ఐ బీమా పథకం. దానికి కార్మికుడి జీతంలోంచి కూడా 0.75 శాతం పోతుంది. ఇక బ్రెజిల్‌లోనే 1942లో పుట్టిన సెనాయ్ వేరే సంస్థ, అది వృత్తి శిక్షణ కోసం.