గడియ పెట్టుకోకమ్మా

చిరంజీవి అమ్మాయికి, పెద్దమ్మ దీవించి రాస్తున్నది.

నీకు ఉద్యోగం వచ్చిందని, వచ్చే నెలలో వేరే ఊళ్ళో గది తీసుకుని ఒక్కదానివే ఉండబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పగానే సంతోషంతో నా కళ్ళు చెమర్చాయి. ఆ తర్వాత, ఆ గదిలో స్నానాల గది తలుపుకు ఎలాంటి గడియ ఉంటుందో అన్న ఆలోచన మనసులోకి వచ్చి, ఆ రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు. నీకున్న మూర్ఛే నాకూ 14వ ఏట మొదలై, దానితో నలభై ఏళ్ళకు పైగా బతికినదాన్ని కనుక, నా భయం నీకు అతిగా తోచినా ఈ ఉత్తరం చివరిదాకా చదువు.

నీకు తెలిసిన సంగతులు ముందు చెప్పేస్తాను. వారానికి సరిపడా అరలున్న మాత్రల డబ్బా వాడు, పది రోజుల మందు మిగిలి ఉండగానే మళ్ళీ కొనుక్కో, ప్రయాణంలో మందులను పెద్ద పెట్టెలో కాక చేతిసంచిలో ఉంచుకో, మందుల చీటీని ఫోనులో ఫొటో తీసి పెట్టుకో. నువ్వు వాడే మూర్ఛ మందు లెవెటిరాసెటమ్ 6 నుంచి 8 గంటల్లో రక్తంలో సగానికి తగ్గిపోతుంది. నీకు రెండు పూటలా రాసింది అందుకే, కాబట్టి పూటకూ పూటకూ నడుమ పన్నెండు గంటల ఎడం తప్పనివ్వకు. ఒక పూట మరిచిపోతే సాధారణంగా గుర్తొచ్చిన వెంటనే వేసుకోమంటారు, తర్వాతి పూట దగ్గర పడితే మాత్రం దాన్ని వదిలేయమంటారు. రెండు పూటల మందు ఒకేసారి మింగకూడదు. నీ విషయంలో ఎన్ని గంటల లెక్కో బయలుదేరే ముందే డాక్టరుగారిని అడిగి రాసుకో.

ఇక, నేను 26 ఏళ్ళ వయసులో చేసిన తప్పు గురించి చెప్పాలి. మన ఇంట్లో దాన్ని ఎవరూ తలుచుకోరు కనుక నీకు తెలిసి ఉండదు. అప్పట్లో నేను ఫెనిటోయిన్ అనే మూర్ఛ మందు వాడేదాన్ని. ఫిట్స్ వచ్చి మూడేళ్ళు దాటిపోయింది. ఆ మందు కొందరికి చిగుళ్ళు పెరిగేలా చేస్తుంది. నా చిగుళ్ళు పళ్ళ మీదికి ఉబ్బి, నవ్వాలంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవలసి వచ్చేది. ఆ సంగతి డాక్టరుతో చెప్పడానికి సిగ్గుపడ్డాను. మూడేళ్ళుగా ఏమీ రాలేదంటే జబ్బు పోయినట్టేనని నాకు నేనే నిర్ణయించుకుని, వారం రోజులు సగం మాత్రే వేసుకుని, ఆ తర్వాత అదీ మానేశాను. రోజూ రాత్రి మా అమ్మ చూస్తుండగానే మాత్ర చేతిలోకి తీసుకునేదాన్ని, నీళ్ళు తాగేదాన్ని, అమ్మ అటు తిరగగానే మాత్రను ఒక పాత పుస్తకం అట్ట మడతలోకి జారవిడిచేదాన్ని. రోజులు గడుస్తున్నా ఏమీ కాకపోయేసరికి, ఇన్నేళ్ళూ అనవసరంగా మందు మింగానని అనుకున్నాను.

పూర్తిగా మానేసిన పదకొండో రోజు ఉదయం స్నానానికి వెళ్ళి గడియ పెట్టుకున్నాను. నాకు గుర్తున్నది అంతవరకే. మిగిలినదంతా మీ అమ్మ చెప్పగా విన్నాను. అప్పటికి దానికి పదిహేనేళ్ళు. కొళాయి పారుతూనే ఉందట, లోపల బకెట్టు గోడకు కొట్టుకుంటున్న చప్పుడు వినిపించిందట. నాన్నగారు భుజంతో గుద్ది గుద్ది గడియ ఊడగొట్టారు. కానీ అది లోపలికి తెరుచుకునే తలుపు, దానికి అడ్డంగా నేను పడి ఉన్నాను. జానెడు కంటే ఎక్కువ కదల్లేదు. మీ అమ్మ సన్నగా ఉండేది కనుక ఆ సందులోంచి దూరి, తడి నేల మీద మోకాళ్ళు ఆనించి నన్ను పక్కకు లాగింది. ఒక ఫిట్ తగ్గి స్పృహ రాకముందే ఇంకొకటి వస్తోంది. నాలుక కొరుక్కుంటానని భయపడి ఎవరో నోట్లోకి చెంచా దూర్చారు. ముందు పన్ను విరిగింది.

ఆసుపత్రిలో డాక్టరు అడిగిన మొదటి మాట, మాత్రలు సరిగా వేసుకుంటోందా అని. నేనే దగ్గరుండి వేయిస్తున్నానండీ అని అమ్మ చెప్పిందట. రెండు రోజులకు తెలివి వచ్చాక ఆ పుస్తకం సంగతి నా నోటితో నేనే అమ్మకు చెప్పవలసి వచ్చింది. ఆమె నన్ను తిట్టలేదు. ఆ పుస్తకం తెప్పించి, మంచం అంచున కూర్చుని, కొంగులో పోసుకుని లెక్కపెట్టింది: ఏడు సగం ముక్కలు, పది నిండు మాత్రలు. ఆ తర్వాత నాన్నగారు బతికి ఉన్నంతకాలం ఆ తలుపుకు మళ్ళీ గడియ బిగించలేదు; మరమేకుల రంధ్రాలు అలాగే ఉండిపోయాయి. నువ్వు స్నానానికి వెళ్ళి కాస్త ఆలస్యమైతే మీ అమ్మ తలుపు తట్టేది అందుకేనమ్మా. దాని మీద విసుక్కోకు.

ఆ మూడేళ్ళ ప్రశాంతత మందు చేసిన పనేనని డాక్టరుగారు నాకు ఓపికగా చెప్పారు. మందు ఎప్పటికీ మానకూడదని కాదు. కనీసం రెండేళ్ళు ఫిట్స్ లేకుండా గడిచాక, ఏ రకం మూర్ఛో, మెదడులోని విద్యుత్తు తీరును చూపే ఈఈజీ పరీక్షలోనూ స్కానింగులోనూ ఏముందో చూసి, మానడం క్షేమమని తోస్తే కొన్ని నెలల పాటు కొద్దికొద్దిగా తగ్గిస్తారు. ఉన్నట్టుండి ఆపేస్తే, నాకు వచ్చినట్టే, ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. చిగుళ్ళ సంగతి ముందే చెప్పి ఉంటే కొత్త మందు మెల్లగా మొదలుపెట్టి పాతది మెల్లగా తీసేసేవాళ్ళమని కూడా అన్నారు. చివరికి చేసిందీ అదే.

ఈ మధ్య నువ్వు ఊరికే చిరాకు పడుతున్నావని, ఒక్కోసారి కారణం లేకుండా ఏడుస్తున్నావని మీ అమ్మ బాధపడింది. అది నీ స్వభావం కాదని నాకు తెలుసు. లెవెటిరాసెటమ్ కొందరి మనసును అలా కలతపెడుతుంది. నేను చిగుళ్ళను దాచినట్టు నువ్వు దీన్ని దాచకు, ఓర్చుకోవడం గొప్ప అనుకోకు, నీ అంతట నువ్వు మోతాదు తగ్గించుకోకు. ఉన్నది ఉన్నట్టు డాక్టరుతో చెప్పు. ఎప్పుడో ఒకనాడు పిల్లల ఆలోచన వస్తే గర్భం రాకముందే మందుల సంగతి మాట్లాడాలి, ఎందుకంటే వాల్ప్రోయేట్ లాంటి మూర్ఛ మందులు కడుపులో బిడ్డకు హాని చేస్తాయి. వేరే జబ్బుకు ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా నీకు ఫిట్స్ ఉన్నాయని ముందే చెప్పు. నొప్పికి ఇచ్చే ట్రమడాల్, కొన్ని యాంటీబయాటిక్స్ ఫిట్స్‌ను రేపగలవు.

అక్కడ ఎవరికీ చెప్పనన్నావట. ఈ మాటకు మాత్రం నాకు కోపం వచ్చింది. ఊరందరికీ చెప్పమనడం లేదు. పక్క గదిలో ఉండే ఒకరికి, పనిచేసే చోట పక్కన కూర్చునే ఒకరికి చెప్పు. ఏం చేయాలో ముందే నేర్పు: గడియారం చూసుకోవాలి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టాలి, కాళ్ళూ చేతులూ అదిమి పట్టుకోకూడదు, నోట్లో ఏదీ పెట్టకూడదు, కుదుపులు తగ్గాక ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. అయిదు నిమిషాలు దాటినా, స్పృహ రాకముందే మళ్ళీ వచ్చినా వెంటనే అంబులెన్సును పిలవాలి. నిద్రలో వచ్చే పెద్ద ఫిట్స్ అరుదుగానైనా ప్రాణం తీస్తాయి కనుక, రాత్రిపూట పిలిస్తే వినపడేంత దూరంలో ఒక మనిషి ఉండడం చాలా అవసరం.

రాత్రి డ్యూటీలు ఉంటాయేమో అడిగి తెలుసుకో. నిద్ర చాలకపోతే మందు సరిగా వేసుకుంటున్నా ఫిట్స్ రావచ్చు. నాకు చాలాసార్లు అలాగే వచ్చాయి. డాక్టరు చీటీ చూపించి పగటి డ్యూటీ అడగడంలో చిన్నతనం ఏమీ లేదు. మద్యం జోలికి పోకు. ఈతకు ఒంటరిగా వెళ్ళకు. బండి నడపవచ్చో లేదో డాక్టరు చెప్పేదాకా ఆగు.

ఇంత భయపెట్టానని బయలుదేరడం మానుకోకు తల్లీ. సరైన మందు సరిగా వాడితే మూర్ఛ ఉన్నవారిలో 70 శాతం దాకా ఫిట్స్ లేకుండా ఉండగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నేను ఉద్యోగం చేశాను, ఇద్దరు పిల్లల్ని పెంచాను. నీ వయసులో ఒంటరిగా వేరే ఊరికి వెళ్ళే ధైర్యం మాత్రం నాకు లేకపోయింది. నీకు ఉందని నలుగురికీ చెప్పుకుంటున్నాను.

గది ఖాయం చేసుకునే ముందు స్నానాల గది తలుపు ఒకసారి తీసి వేసి చూడు. బయటికి తెరుచుకునేదైతే మేలు. లోపలికి తెరుచుకునేదైతే ఇంకో గది వెతుక్కో. ఏ తలుపైనా గడియ పెట్టుకోకుండా దగ్గరికి వేసి, లోపల మనిషి ఉన్నట్టు తెలిసేలా బయట ఒక అట్టముక్క తగిలించు. తొట్టి స్నానం వద్దు, ఎత్తుపీట మీద కూర్చుని స్నానం చెయ్యి. అద్దె, వెలుతురు, వసతి గురించి తర్వాత తీరిగ్గా చెబుదువుగాని; ఆ తలుపు ఎటు తెరుచుకుంటుందో ముందు నాకు రాయి.

ప్రేమతో,
పెద్దమ్మ