ఒక్క రాత్రికేగా అనుకున్నాను

చిన్నీ,

పీహెచ్‌డీకి, రాయి ఎన్నాళ్లుగా నేలపైకి తేలి ఉందో చెప్పే బెరీలియం-10 తీసుకున్నావనీ, ఢిల్లీ ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లో బీమ్ టైమ్ కూడా, అదే యంత్రం మీద కొలుచుకునే వంతు, దొరికిందనీ మీ అమ్మ చెప్పింది. మనింట్లో నాకు తోడు ఇంకో రాళ్ల పిచ్చిది తయారైందని మురిసిపోయాను. అంతలోనే రాయిని కరిగించే హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్ గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. పల్చటిదైతే మంట వెంటనే తెలియదే, తెలిసేసరికి లోపలికి దిగిపోతుంది. రాత్రిళ్లు ఒంటరిగా ముట్టుకోకు. దాని విరుగుడు కాల్షియం గ్లూకోనేట్ జెల్ బీరువాలో కాదు, చేతికందేలా ఉంచు.

రాయి నూరడం, జల్లించడం మీ గైడ్ చెబుతారు. నేను చెప్పేది గాజు సంగతి.

సముద్రమట్టం దగ్గర గ్రాము క్వార్ట్జ్‌లో ఏడాదికి నాలుగైదు బెరీలియం-10 పరమాణువులు పుడితే గొప్ప. యంత్రం వాటిని బరువును బట్టి ఏరి లెక్కపెడుతుంది, కానీ బోరాన్-10 పరమాణువు బరువు కూడా దాదాపు బెరీలియం-10 అంతే. కార్బన్-14 కొలిచేవాళ్లు అదృష్టవంతులు, దాదాపు అంతే బరువున్న నైట్రోజన్ రుణ అయాన్‌గా, అంటే ఎలక్ట్రాన్ ఒకటి ఎక్కువున్న పరమాణువుగా, నిలవదు కాబట్టి అయాన్లు పుట్టే సోర్స్ దగ్గరే తప్పుకుంటుంది. బోరాన్ మాత్రం ఆక్సైడ్ రూపంలో మనతోపాటే బండెక్కేస్తుంది.

అప్పట్లో ఒక ల్యాబ్‌లో ఆఖరి అంచెలో ఉన్నాను. అమోనియా పోస్తే బెరీలియం హైడ్రాక్సైడ్ తెల్లగా, గంజి తెట్టులా దిగింది. ఎనిమిది నెలల ఇసుకకు మిగిలింది ఆ కాస్తే. ప్లాస్టిక్ గొట్టాలు అయిపోయాయి, స్టోర్‌కి తాళం. పక్కన బోరోసిలికేట్ గొట్టాలు తళతళలాడుతున్నాయి. ఒక్క రాత్రికేగా అనుకున్నాను. పేరులోనే బోరాన్ ఉంది కదే! అమోనియా తెల్లవార్లూ ఆ గాజును నాకింది.

బీమ్ టైమ్ రోజున బోరాన్ వరదే. డిటెక్టర్ ముందున్న గ్యాస్ సెల్‌లో బోరాన్ ఎక్కువ శక్తి పోగొట్టుకుని ఆగిపోవాలి. అంత వచ్చిపడితే ఏం ఆగుతుంది? తెర మీద దాని తోక మన బెరీలియం చుక్కల మీదికి పాకింది. నా బ్లాంక్, అదే రాయి వేయకుండా చేసిన ఖాళీ శాంపిల్, శుభ్రంగా ఉంది, కెమిస్ట్రీలో తప్పు లేదు, యంత్రమే చూసుకోండని రెండు రోజులు వాదించాను. ఆపరేటర్ ఏమీ అనకుండా టీ తెచ్చిచ్చాడు. ఆ రాత్రి నోట్‌బుక్ తిరగేస్తే తెలిసింది, మిగిలిన ఒక్క ప్లాస్టిక్ గొట్టం బ్లాంక్‌కే ఇచ్చానని. శాంపిల్ పడ్డ పాట్లన్నీ బ్లాంక్ కూడా పడాలి తల్లీ, అదే గొట్టం, అదే ఆసిడ్, అదే రోజు. ముద్దు చేశావో, నీకే అబద్ధం చెబుతుంది.

ఫోన్ చేస్తే ఎత్తు. ఆవకాయతో పాటు ఒక పెట్టె ప్లాస్టిక్ గొట్టాలు పంపుతున్నాను. ఆవకాయ గాజు సీసాలో ఉంది, ల్యాబ్‌లోకి తీసుకెళ్లకు.

మీ పెద్దమ్మ