ట్రయల్‌కి వెళ్లేముందు మా అమ్మలుకి

అమ్మలూ,

నిన్న రాత్రి అన్నయ్య ఫోన్ చేసి అరగంట నన్నే తిట్టాడు, నీ గేమింగ్ సెంటర్ వల్లే నా కూతురు ఇలా తయారైందని, బీటెక్ అయ్యాక ఉద్యోగం చూసుకోకుండా ఏడాది పాటు డోటా కంప్యూటర్ గేమ్ టీమ్‌లో ఆడతానంటోందని. సరే అన్నయ్యా సరే అంటూనే ఉన్నా గానీ లోపల ఒకటే సంతోషం, పొజిషన్ ఫోర్ (మిగతావాళ్లకి అండగా ఆడే సపోర్ట్ స్థానం) ట్రయల్‌కి పిలిచారంటే మాటలు కాదు. తర్వాత వదిన ఫోన్ తీసుకుని "రాత్రి మూడింటి దాకా మెలకువే, ఆ గేమ్‌లో రోజుకో కొత్త హీరోని ఆడించడం నేర్చుకుంటోందట" అంది చూడు, అక్కడ పోయింది నా నిద్ర.

మామూలువి ముందు చెప్పేస్తా. వేళకి తిను, స్క్రిమ్‌లకి (ప్రాక్టీస్ మ్యాచ్‌లకి) టైముకి లాగిన్ అవ్వు, ఓడిపోతే చాట్‌లో నోరు పారేసుకోకు. అయిపోయింది.

ఇప్పుడు అసలు సంగతి. డోటాలో హీరోలు 120 దాటారు, ప్రోలు అందర్నీ ఒకేలా ఆడేస్తారని నువ్వు అనుకుంటున్నట్టున్నావ్. కాదమ్మా. అందరి గురించీ వాళ్లకి తెలుసు, ఎదురుగా వస్తే ఏం చేస్తాడో అర్థమవ్వాలని ప్రతి హీరోనీ కొంత ఆడి చూసుంటారు కూడా. కానీ ఈ వారం మ్యాచ్‌లో కళ్లు మూసుకుని తీసుకోగలిగేవి కొన్నే ఉంటాయి. మిగతావాటిని ప్యాచ్ (గేమ్ అప్‌డేట్) మారి అవసరం పడినప్పుడు మళ్లీ పదును పెడతారు.

మళ్లీ అంత తొందరగా ఎలా వస్తుందంటావా, మీ తాత ఆర్టీసీలో ఏ బస్సు ఇచ్చినా తోలేవాడు, రూటు మొత్తం ఒంట్లో ఉండేది కాబట్టి కొత్త బండి క్లచ్ ఒక్కటి పట్టుబడితే చాలేది. నీకు రూటు అంటే లేన్ (మ్యాప్‌లో పోరు సాగే దారి), క్రీప్స్‌ని (కంప్యూటర్ నడిపే చిన్న సైనికుల్ని) ఎప్పుడు పుల్ చేయాలి, నిమిషం నిండేలోపు అడవి క్రీప్స్ క్యాంప్ ఎలా స్టాక్ చేయాలి (పోగేయాలి), ఆరో నిమిషం నుంచి పవర్ రూన్ (కాసేపు బలాన్నిచ్చేది) దగ్గర ఎవరుంటారు, వార్డ్ (చుట్టుపక్కల కనబడేలా చేసేది) ఎక్కడ. ఇవి హీరో మారినా మారవు. మారేది క్లచ్చే, అంటే ఎటాక్ యానిమేషన్, స్పెల్ పడటానికి పట్టే క్షణం, వెనక్కి తిరిగే వేగం, మానా ఎన్ని స్పెల్స్‌కి సరిపోతుంది అనేవి. దానికి డెమో మోడ్‌లో కాసేపు కూర్చుంటే చేతికి గుర్తొచ్చేస్తుంది, పబ్‌లో (ఎవరితో పడితే వాళ్లతో ఆడే పబ్లిక్ మ్యాచ్‌లో) రాత్రంతా ఆడక్కర్లేదు.

ఇంకోటి, హీరోల్ని చేతిపనిని బట్టి గుంపులు చేసుకో. పడ్జ్ హుక్, మిరానా బాణం, క్లాక్‌వర్క్ హుక్‌షాట్, మూడూ వేరువేరుగా కనిపిస్తాయి గానీ అవతలివాడు మరుక్షణం ఎటు నడుస్తాడో ఊహించడమే కదా, ఒకటి ఆడుతుంటే మిగతా రెండూ తుప్పు పట్టవు. చెన్ అలా కాదు, నాలుగైదు క్రీప్స్‌ని విడివిడిగా తిప్పాలి, ఆ మైక్రో రోజూ చేసేవాళ్లకే ఉంటుంది, నువ్వు దాని జోలికి పోకు. రూబిక్ మాత్రం ఆడు, అవతలివాళ్ల స్పెల్ దొంగిలించి వాడాలంటే పదిమంది హీరోలు తెలిసుండాలి కాబట్టి వాడితో ఒక గంట ఆడితే నీకు తెలియనివి ఏంటో వాడే బయటపెడతాడు.

ఇప్పుడు ఒక కథ చెప్తా. డోటా 2 కొత్తగా వచ్చిన రోజుల్లో మన సెంటర్ టీమ్‌లో మిడ్ (మధ్య లేన్) ఆడే కుర్రాడుండేవాడు, పేరెందుకులే, ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి. ఇన్వోకర్ అనే హీరో అంటే వాడే, పది స్పెల్స్ నిద్రలో కూడా కలిపేవాడు, సెంటర్‌కి వచ్చిన పిల్లలు వాడి వెనక నిలబడి చూసేవాళ్లు. ఒక కాలేజీ ఫెస్ట్‌లో అందరూ ఒకేచోట కూర్చుని ఆడే లాన్ టోర్నీ, కెప్టెన్ ముందే అడిగాడు, ఇన్వోకర్ బ్యాన్ అయితే, అంటే అవతలివాళ్లు తీసుకోనివ్వకపోతే, ఏంట్రా అని. "ఏదిచ్చినా ఆడతా" అన్నాడు వీడు. సెమీస్‌లో అవతలివాళ్లు మొదటి బ్యానే ఇన్వోకర్‌ని చేశారు. కెప్టెన్ నమ్మి పక్ అనే హీరోని తీసుకున్నాడు, పైగా ఆ హీరో డ్రీమ్ కాయిల్ (అవతలివాళ్లని కట్టిపడేసే స్పెల్) మీదే మిగతా నలుగురినీ కట్టాడు, కాయిల్ పడితేనే వాళ్లు దూకగలరు. వీడేమో పక్‌ని ముట్టుకుని నెలలైంది. ఇన్వోకర్‌కి ఆర్ నొక్కితే ఇన్వోక్ (స్పెల్ కలపడం), కంగారులో ఆ వేలు ఆగదు కదా, పక్‌కి అదే కీ మీద డ్రీమ్ కాయిల్ ఉంది, క్విక్‌కాస్ట్ (నొక్కగానే స్పెల్ పడిపోయే సెట్టింగ్) కూడా పెట్టుకున్నాడు, ఎవడూ లేని చోట ఆ పెద్ద స్పెల్ పడింది. ఒకసారి కాదు, మళ్లీ అదే పని. ఆ నలుగురూ పొదల్లో కూర్చుని ఎదురుచూస్తూనే ఉన్నారు.

అందరూ వాడిని ఒక్క హీరో గాడు అని వెక్కిరించారు. నాకెప్పుడూ వాడి తప్పు అదనిపించలేదు. వాడికి షాడో ఫీండ్ బాగానే వచ్చు, ముందు వారమే ఆడాడు. "పక్ వద్దు అన్నా, షాడో ఫీండ్ ఇవ్వు" అని ఒక్క ముక్క అనుంటే డ్రాఫ్టే (హీరోల ఎంపికే) వేరేగా ఉండేది. ఎందుకనలేదురా అని అడిగితే మెట్ల మీద కూర్చుని "రాదంటే టీమ్‌లోంచి తీసేస్తారనుకున్నా అన్నా" అన్నాడు. నాకు తిట్టబుద్ధి కాలేదు, టీ ఇప్పించా.

నీ విషయంలో నా భయం అదే. నలుగురు మగపిల్లల మధ్య ఒక్కదానివి, ఏదైనా రాదంటే తక్కువగా చూస్తారేమోనని అన్నిటికీ వచ్చు వచ్చు అంటావు, ఆ మాట నిజం చేయడానికే కదా రాత్రి మూడింటి దాకా ఈ తంటా. పిచ్చి పిల్లా, కెప్టెన్ నీ మాట మీద డ్రాఫ్ట్ వేస్తాడు. ఈ వారం రెడీగా ఉన్నవి ఐదో ఆరో, రెండ్రోజులు స్క్రిమ్ ఇస్తే తెచ్చుకోగలిగినవి కొన్ని, మిగతావి వద్దు అని ముందే కాగితం మీద ఇచ్చెయ్. ప్రతి ప్యాచ్‌కీ మార్చి ఇవ్వు, 2023 ఏప్రిల్లో మ్యాప్ పెరిగినప్పుడూ 2024 మేలో ప్రతి హీరోకీ ఇన్నేట్ ఎబిలిటీ (పుట్టుకతో ఉండే శక్తి) ఇచ్చినప్పుడూ నిన్నటి లిస్టులు ఎందుకూ పనికిరాలేదు. రెడీ హీరోలు స్క్రిమ్స్‌లోనే ఆడతావు కాబట్టి అవి ఎక్కడికీ పోవు, రెండో రకం వాటిని వారానికి ఒకట్రెండు పబ్స్‌లో తిప్పు. బ్లింక్ (ఉన్నచోటు నుంచి ఒక్కసారిగా దూకించే వస్తువు) ఏ హీరోకైనా ఒకే కీ మీద పెట్టుకో, పక్ కథ విన్నావుగా.

అనా అనే ప్రో 2019లో షాంఘైలో ఐఓ అనే హీరోని క్యారీగా (మ్యాచ్ గెలిపించే భారం మోసేవాడిగా) ఆడాడని నువ్వు కూడా ఏదో వింత చేద్దామనుకుంటావేమో, ఆ సపోర్ట్ హీరో చుట్టూ టీమ్ మొత్తం ఆటని కట్టుకున్నాక జరిగిన పని అది. పక్క గేమ్ లీగ్ ఆఫ్ లెజెండ్స్ పోటీల్లో ఐతే 2025 నుంచి సిరీస్‌లో ఎవరైనా ఒకసారి ఆడిన క్యారెక్టర్‌ని మళ్లీ ఎవరూ తీసుకోకూడదు, ఐదో గేమ్‌కొచ్చేసరికి 40 పోయి ఉంటాయి, అక్కడ పుట్టి ఉంటే నిన్ను ఆపేవాడిని కాదు. మనకి ఆ రూల్ లేదు, పడుకో.

నా కుడి మణికట్టు చూశావుగా, చపాతీ పిండి కలపమంటే మీ పిన్నికే ఇచ్చేస్తా. నొప్పి మొదలైన రోజే ఆపు, మ్యాచ్ అయ్యాక చూద్దాంలే అనకు, ఇందులో మాత్రం నేను వినను.

అన్నయ్యతో నేను మాట్లాడతా. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ ఈస్పోర్ట్స్‌లో మన డోటా టీమ్‌కి కాంస్యం వచ్చిందని చెప్తే కాస్త మెత్తబడతాడు, పతకం అంటే ఆయనకి గౌరవం. నువ్వు ఆదివారంలోపు ఆ హీరోల కాగితం ఫొటో తీసి నాకు పంపు, అందులో చెన్ పేరు కనబడిందో, తంతా.

మీ బాబాయ్