సోలార్ కంపెనీకి పొలం లీజుకిస్తే నిజంగా ఎంత మిగుల్తుంది?

ప్రశ్న: మాది ఉరవకొండ దగ్గర, 6 ఎకరాల మెట్ట. శనక్కాయ వేసి వేసి విసిగిపోయాం. సోలార్ కంపెనీ తరఫున బ్రోకర్ వచ్చి ఎకరాకు ఏడాదికి 30 వేలు, 28 ఏళ్ళ లీజు, రెండేళ్ళకోసారి 5 శాతం పెంపు అంటున్నాడు. ప్రభుత్వమే సోలార్ వెనక ఉంది కదా, ఇచ్చేయమంటారా?

జవాబు: ఇవ్వచ్చు అన్నా, కానీ ఈ లెక్కకి మాత్రం వద్దు. వానని నమ్ముకున్న శనక్కాయలో ఖర్చులు పోను ఎకరాకు ఏటా 30 వేలు మిగలడం ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు, అందుకే మొదటి ఏడాది రేటు చూడగానే సంతకం పెట్టబుద్ధవుతుంది. నేను మాత్రం పెంపు చూస్తా. రెండేళ్ళకి 5 శాతం చొప్పున 28వ ఏడు మీ చేతికొచ్చేది ఎకరాకు 56,500 చిల్లర, ధరలు ఏటా 5 శాతం పెరిగాయనుకుంటే అది ఇప్పటి 15 వేలతో సమానం. అంటే ఏళ్ళు గడిచేకొద్దీ సగానికి పడిపోయినట్టే. అదే 5 శాతం ఏటా పెంచమనండి, చివరి ఏడు లక్షా 12 వేలు వస్తుంది. బేరం ఆడాల్సింది ఇక్కడే.

ఇంక ప్రభుత్వం వెనక ఉందన్నారు, ఏ ప్రభుత్వం అన్నా? 28 ఏళ్ళలో ఐదారు ఎలక్షన్లు వస్తాయి. 2015లో కర్నూలు జిల్లా గని అనే ఊరి సోలార్ పార్కు వేలంలో యూనిట్ 4.63 రూపాయలకి పోయింది, 2017లో కడప పార్కుకి 3.15కే కోట్ చేశారు, రేట్లు అట్లా పడేసరికి 2019లో కొత్తగా వచ్చిన ప్రభుత్వం పాత పీపీఏలు, అంటే కంపెనీల దగ్గర కరెంటు కొనే ఒప్పందాలు, మరీ ఖరీదు, తిరగదోడదాం అని కమిటీ వేసింది. కంపెనీలు హైకోర్టుకి పోతే అప్పటికి సోలార్‌కి 2.44 ఇవ్వమన్నారు, పూర్తి రేటు కట్టాలని డిస్కంలకి, అంటే కరెంటు కొని మనకి పంచే ప్రభుత్వ సంస్థలకి, తీర్పొచ్చేసరికి 2022 మార్చి అయింది. కరెంటు జనానికి చవగ్గా ఇవ్వాలన్న మాటలో తప్పు లేదు గానీ, రాసుకున్న అగ్రిమెంటు మధ్యలో కదిపితే ఆ దెబ్బ కింద పొలమిచ్చిన రైతు దాకా వస్తుంది. గని వేలం గెలిచిన సన్‌ఎడిసన్ అయితే 2016లోనే దివాలాకి పోయింది, ఆ ప్రాజెక్టు గ్రీన్‌కో అనే ఇంకో కంపెనీ చేతికి మారింది.

అందుకని డిస్కం కంపెనీకి డబ్బులిచ్చినా ఇవ్వకపోయినా మీ లీజు ఏడాది ముందే అడ్వాన్సుగా పడాలి, అదీ రిజిస్ట్రేషన్ రోజు నుంచే, "ప్రాజెక్టు మొదలయ్యాక" అని రాస్తే ఒప్పుకోకండి, పొలం ఖాళీగా పడుంటుంది మీరు చూస్తూ కూర్చుంటారు. కంపెనీ చేతులు మారినా కొత్తోళ్ళు అవే షరతులకి కట్టుబడాలి. వాళ్ళు బ్యాంకులో తాకట్టు పెట్టుకోవాల్సింది లీజు హక్కే, మీ పట్టా కాదు. గడువు అయ్యాక దిగేసిన స్తంభాలు, కాంక్రీటు ఎవరి ఖర్చుతో పీకాలో కూడా రాయించండి, దానికి డిపాజిట్ అడగండి.

ఇంకోటి, ఈ డబ్బు వ్యవసాయ ఆదాయం కాదు, ఐటీ రిటర్న్‌లో చూపించాలి. పంట లేని పొలానికి క్రాప్ లోను, బీమా కూడా ఉండవు. బోరున్న రెండెకరాలు ఉంచుకుని నాలుగే ఇవ్వండి అంటాను నేనైతే. డ్రాఫ్టు మాత్రం మీకు తెలిసిన సివిల్ లాయరుకే చూపించండి, బ్రోకర్ వెంటబెట్టుకొచ్చే లాయరుకి కాదు.